ఐసు పెట్టెకు నెల గడువు

మా అత్తగారు పెరుందేవమ్మ మునిసిపాలిటీ కొళాయి నీళ్ళు తాగరు. కొళాయి లోపల తోలు వాషరు ఉంటుందనీ, ఆ తోలు ఏ జంతువుదో ఎవరికి తెలుసుననీ ఆవిడ వాదన. పెరట్లో బావి నీళ్ళు మడితో తోడుకుని, ఇత్తడి బిందెలో పోసుకుని, అవే తాగుతారు. తిరుపతిలో గోవిందరాజస్వామి గుడి చుట్టుపక్కల ఇలాంటి ఇల్లు మాదొక్కటే కాదు. అలాంటి ఇంటికి ఫ్రిజ్జు తెచ్చిన తెలివితక్కువ మనిషిని మాత్రం నేనొక్కదాన్నే.

నా పేరు రమామణి. ఆడపిల్లల బడిలో లెక్కలు చెబుతాను. ఫ్రిజ్జు ఎందుకు తెచ్చానో ముందే చెప్పేస్తాను. మా ఇంట్లో పొద్దున దోసెకు పొద్దున్నే రుబ్బాలి. నిన్నటి పిండి అంటే అత్తగారు ముక్కు మూసుకుంటారు. అందుకని నాలుగింటికి లేచి రుబ్బురోలు ముందు కూర్చుంటాను, తర్వాత వంట, తర్వాత బడి. తొమ్మిదేళ్ళుగా ఇదే వరస. నాకు నగలు వద్దు, పట్టుచీరలు వద్దు. ఇంకొక్క గంట నిద్ర కావాలి. సాయంత్రమే రుబ్బి చల్లటి పెట్టెలో పెట్టుకుంటే పిండి పులవదు, ఆ గంట నాదవుతుంది. అంతే నా పేరాశ.

ఎనభై నాలుగు ఫిబ్రవరి ఆఖర్లో పెట్టె ఇంట్లో దిగింది. అత్తగారు దాని చుట్టూ ఒక ప్రదక్షిణం చేసి తీర్పు చెప్పారు.

"తెచ్చినావు గదా, ఉండనీ. వంటింట్లోకి మాత్రం రాకూడదు, హాల్లో పెట్టుకో. నెల దినాలు చూస్తాను. మూడుతూర్లు పాలు విరిగినాయంటే అది పుత్తూరుకు పోతాది, పద్మాక్షి ఇంటికి."

పద్మాక్షి మా ఆడపడుచు. మర్నాడే వచ్చి పెట్టెను జానలతో కొలుచుకుని పోయింది. మా ఆయన సారంగపాణి నావైపు చూడకుండానే "సరేమా" అన్నారు. ఆయన దేవస్థానం ఆఫీసులో గుమాస్తా. ఆ "సరే" ఆయన నాలుక చివరే కాపురముంటుంది.

ఇరవై రోజులు స్వర్గం చూశాను. ఐదింటికి లేచాను, ఒక ఆదివారమైతే ఐదున్నరకు. సాయంత్రం అత్తగారు గుడికి వెళ్ళినప్పుడు రుబ్బి దాచిన పిండి మల్లెపూవులా ఉండేది. అత్తగారు దోసె తిని, "ఈ పొద్దు బాగ రుబ్బినావే" అంటే నేను వినయంగా తల వంచుకునేదాన్ని. తర్వాత ఎండలు ముదిరాయి. ఇరవై ఒకటో నాడు సాయంత్రం కాఫీకి పాలు కాచబోతే గిన్నెలోనే ముక్కలు ముక్కలుగా విరిగిపోయాయి.

"ఒగటి" అన్నారు అత్తగారు వంటింట్లోంచి.

మా ఆయనలో ఇంజనీరు మేలుకున్నాడు. పెట్టెను గోడకు అడుగు దూరం జరిపారు. లోపల చక్రాన్ని ఆఖరి అంకె దాకా తిప్పారు. వెనక చెవి ఆనించి చాలాసేపు విన్నారు. ఏం వినిపించిందని అడిగితే "ఓల్టేజి" అన్నారు. స్టెబిలైజరు తెచ్చారు. అరగంటకోసారి తలుపు తెరిచి, చెయ్యి లోపల పెట్టి, చల్లగా ఉందో లేదో చూసేవారు. అలా చూస్తే ఉన్న చల్లదనం కూడా పోతుందని నేనంటే, "నీకు తెలియదు" అన్నారు. రెండు రోజులకు మళ్ళీ విరిగాయి.

"రెండు" అన్నారు అత్తగారు.

ఇక లాభం లేదని నేనే బస్టాండు దగ్గర కూల్‌డ్రింకు షాపుల పెట్టెలు బాగుచేసే ప్రేమానందాన్ని పిలుచుకొచ్చాను. మాటలకంటే చేతులెక్కువ పనిచేసే మనిషి. పైన ఐసు గదిలో బెత్తెడు మందాన పేరుకున్న గడ్డను చూసి తలాడించాడు. పాత క్యాలెండరు కాగితం ఒకటి అడిగి, దాన్ని తలుపు సందులో పెట్టి మూసి, లాగి చూశాడు. కాగితం రాలేదు. పైనా కిందా అన్ని పక్కలా అట్లాగే చూశాడు. ఎక్కడా రాలేదు.

"మోటారు బాగుండాది, గ్యాసు బాగుండాది, తలుపు పట్టు గూడా గట్టిగానే ఉండాది" అన్నాడు. "అయినా ఇంత ఐసు కట్టిందంటే బయట గాలి లోపలికి పోతాండాది. యెవురో తలుపు సరింగా మూయడం లేదమ్మా."

ఇంట్లో అందరి కళ్ళూ నామీద పడ్డాయి. అందరూ అంటే మా ఆయనవి రెండు.

"బడికి టైమైందని కాలితో తోసి పోతాది" అన్నారు అత్తగారు లోపల్నుంచే. ఒకేఒక్కసారి, చేతిలో పిల్లల లెక్కల పుస్తకాలుండి, అలా తోసిన మాట నిజం. అందుకే ఒళ్ళు ఇంకా మండింది. నిజంలేని నింద కంటే కాస్త నిజమున్న నిందకే మంట ఎక్కువ.

మర్నాటి నుంచి ఒంటిపూట బడులు. ఆ సంగతి ఇంట్లో చెప్పాను గాని, ఎవరి చెవికెక్కిందో తెలియదు. పన్నెండున్నరకు గొడుగేసుకుని ఇంటికొచ్చాను. వీధి తలుపు దగ్గరగా వేసి ఉంది. నెమ్మదిగా తోసి లోపలికి చూశాను.

హాల్లో పీట మీద, ఫ్రిజ్జుకు ఎదురుగా, అత్తగారు కూర్చుని ఉన్నారు. దాని తలుపు బార్లా తెరిచి ఉంది. తలుపు అంచుకు చుట్టూ ఉన్న నల్లటి పట్టీ మీద ఉతికి ఆరేసిన మడిగుడ్డ ఒకటి నాలుగు మడతలు వేసి పరిచారు. నా పిండి గిన్నె వెనకనుంచి చెంబు ఒకటి తీశారు. బావి నీళ్ళ చెంబు. తల వెనక్కి వాల్చి, పెదవులకు తగలకుండా, సన్నటి ధారగా గొంతులో పోసుకున్నారు. కళ్ళు మూసుకున్నారు. కాళ్ళు రెండూ చాపి ఆ చల్లగాలికి పెట్టి, "పెరుమాళ్ళే" అన్నారు.

తర్వాత చెంబు మళ్ళీ లోపల పెట్టి తలుపు తోశారు. మడిగుడ్డ మాత్రం తియ్యలేదు. సగం లోపల, సగం బయట వేలాడుతోంది. మళ్ళీ దాహమైతే మళ్ళీ పరవాలి కదా, ఉండనీ అనుకున్నట్టున్నారు. నాలుగు మడతల గుడ్డ అడ్డముంటే తలుపు ఎలా పడుతుంది? బొటనవేలంత సందు నాకు అక్కడికే కనిపిస్తోంది.

అప్పుడర్థమైంది. ఆ నల్లటి పట్టీని ఆవిడ తోలనుకున్నారు. కొళాయి వాషరు లాగే.

దొరికారు! తొమ్మిదేళ్ళ మాటలు నా నోట్లో వరసగా నిలబడ్డాయి. 'కాలితో తోసేది నేనా?' దగ్గర్నుంచి మొదలుపెడితే సాయంత్రం దాకా సరిపోతాయి. ఒక్క మాట చాలు, ఫ్రిజ్జు నాది, నిద్ర నాది.

కాని ఆ ముఖం చూశాను. నలభై ఐదేళ్ళు పొయ్యి ముందు ఉడికిన ముఖం. ఈ ఇంట్లో అందరికీ వేడివేడిగా వడ్డించడమే తప్ప, ఆవిడకు చల్లగా ఒక్కటీ ఎవరూ ఇచ్చిన పాపాన పోలేదు, నాతో సహా. ముందు నవ్వొచ్చింది. ఆ వెంటనే ఏడుపొచ్చింది. ఇప్పుడు పట్టుకుంటే ఆవిడ జన్మలో మళ్ళీ ఆ చెంబు ముట్టుకోరు, అది నాకు తెలుసు.

వెనక్కి నడిచి గేటు దాకా వెళ్ళాను. గొళ్ళెం గట్టిగా ఆడించి, రెండుసార్లు దగ్గాను. అది చాలదేమోనని మూడోసారి కూడా దగ్గాను.

లోపలికి వచ్చేసరికి గుడ్డ లేదు. అత్తగారు స్తంభానికి ఆనుకుని తులసిపూసలు తిప్పుతున్నారు.

"ఏమే, ఇంత బెరీన వచ్చినావు?"

"ఈ పొద్దునించి ఒంటిపూట బడి గదా, అత్తా."

ఆ సాయంత్రం పాలు మూడోసారి విరిగాయి. "మూడు" అన్నారు అత్తగారు. గొంతులో ఎప్పటి జోరు లేదు. మా ఆయన పుత్తూరుకు కార్డు రాసి పడేశారు. నేను నాలుగింటికి అలారం పెట్టుకున్నాను.

ఆదివారం పొద్దున్నే పద్మాక్షి వ్యానుతో సహా దిగింది. పెట్టెను జాగ్రత్తగా విప్పి ఎక్కించాలనే మిషతో నేను ప్రేమానందాన్ని పిలిపించాను. అబద్ధం చెప్పమని అతన్ని అడగలేదు. నేనడిగే రెండు ప్రశ్నలకు గట్టిగా, వంటింటికి వినిపించేలా నిజం చెప్పమన్నాను.

"ప్రేమానందం, ఈ తలుపు చుట్టూ ఉన్నది తోలేనా?"

"తోలు యాడిదమ్మా! రబ్బరు. చెట్టుకు గాటు పెడితే కారే పాలు. కేరళ పక్క తోటలకు తోటలుండాయి."

వంటింటి గడపలోకి అత్తగారు వచ్చారు. "చెట్టు పాలా?"

"అవునమ్మా."

"ఏ గొడ్డుదీ కాదు గదా?"

"ఆకులుండే చెట్టమ్మా, సామి తోడు."

"ఇంకొకటి" అన్నాను. "లోపల ఖాళీగా ఉంటే చల్లదనం నిలవదట, నిజమా?"

"నిజమే. ఒగ చెంబుడు నీళ్ళు ఎప్పుడూ లోపల ఉంటే మేలు. తలుపు మాత్రం గుడ్డపేలిక గూడా అడ్డం లేకుండా మూయాల."

గుడ్డ సంగతి నేనతనికి చెప్పలేదు. పని తెలిసిన మనిషి నోటికి దానంతటదే వచ్చింది. అత్తగారు నావైపు చూశారు. నేను గోడమీద క్యాలెండరులో ఏకాదశి ఎప్పుడో వెతికాను.

"పద్మాక్షీ, వ్యాను పంపించెయ్" అన్నారు అత్తగారు.

"అదేందిమా! మూడుతూర్లు విరిగినాయి గదా!"

"నెల అన్నాను. నెలకింకా రెండు దినాలుండాయి. మీ ఇంట్లో ఆరుమంది పిల్లోళ్ళు, తలుపు యెవురు మూస్తారు? పోయి మజ్జిగ తాగు."

పద్మాక్షి అలిగింది, మజ్జిగ తాగింది, అలక మానకుండానే ఒక గంప మామిడికాయలు వ్యానులో ఎక్కించుకుని పోయింది. మా ఆయన నాకేసి చూసి, "నేను ముందే చెప్పినాను, ఓల్టేజి అని" అన్నారు.

మర్నాడు నాకు మెలకువ వచ్చేసరికి కిటికీలో ఎండ. అలారాన్ని ఎవరో నొక్కేశారు. గడియారం ఆరున్నర చూపిస్తోంది. వంటింట్లోకి పరుగెత్తాను. అత్తగారు పెనం మీద దోసె పోస్తున్నారు. పక్కన నా పిండి గిన్నె, ఫ్రిజ్జులోంచి తీసింది, ఇంకా చెమట పట్టి ఉంది.

"లేపలేదేం అత్తా?"

"నిన్నటి పిండే గదా, పులవలా. దానికి లేపడమెందుకు?" అన్నారు దోసె తిరగేస్తూ. "పోయి నీళ్ళు తాగు. ఆ పెట్టెలో చిన్న చెంబు నీది, పెద్దది నాది."

వెళ్ళి తలుపు తెరిచాను. రెండు చెంబులు పక్కపక్కన ఉన్నాయి. ఆవిడలాగే తల వెనక్కి వాల్చి, ధారగా పోసుకున్నాను. బావి నీళ్ళు అంత తియ్యగా ఉంటాయని తొమ్మిదేళ్ళలో నాకు తెలియదు.

"చల్లటివి, చూసి తాగు" అన్నారు వంటింట్లోంచి. "ఆ పొద్దు గేటు కాడ అంతగనం దగ్గినావు గదా. దగ్గు తగ్గిందా?"

"నాకు దగ్గెక్కడిది అత్తా?"

పెనం మీద పిండి చుయ్‌మంది.

"లేదని నాకు తెలుసులే" అన్నారు మా అత్తగారు.