వేటకు పోయిన పడవలు

నేను అంబులెన్సులో పనిచేస్తాను. ఆస్పత్రిలో అప్పగించినాక మనిషి బతికినాడో లేదో మాకెవరూ చెప్పరు. అడిగితే విసుక్కుంటారు.

నిన్న మైపాడు పక్క పల్లెలో, పడవల ఇంజన్లు బాగుచేసే హజరత్తయ్య గుండె ఆగి ఇసుకలో పడిపోయినాడు. మెత్తటి ఇసుకలో ఛాతీ నొక్కితే మనిషి కిందికి దిగిపోతాడే గానీ ఆ ఒత్తిడి గుండెకు అందదు. "చూస్తా నిలబడతారేంది, చెక్క తెండి!" అని అరిచినాను. చెక్క మీద పడుకోబెట్టి, చేతులు పడిపోయేదాకా నొక్కినాను. దారిలో నాడి దొరికింది. ఆయన వెంట మాత్రం ఎవరూ బండెక్కలేదు.

ఈ ఉదయం మళ్లీ అటే పోవాల్సొచ్చింది. ఆ పల్లెలో మనిషి పోతే ఆ రోజు ఎవరూ వేటకు పోరు. ఒడ్డున చూస్తే ఒక్క పడవా లేదు, అన్నీ సముద్రంలోనే ఉన్నాయి. బతికినాడు! నాలో నేనే నవ్వుకున్నాను.

చేపలు ఎండబెడుతున్న అవ్వను అడిగినాను. "హజరత్తయ్య ఎప్పుడొస్తాడవ్వా?"

"రాత్రే పోయినాడు పాపా."

"మరి పడవలు?"

"ఎన్నేళ్లున్నా ఆయన మా పల్లె మనిషి కాదు గదా. బుచ్చిరెడ్డిపాలెం నుంచి వచ్చినోడు."

దూరంగా సముద్రం మీద, ఆయన బాగుచేసిన ఇంజన్లు ఒక్కటీ మొరాయించకుండా మోగుతున్నాయి.