తాళాలాయన ఇంటి కత్తులు

తాళాలు బాగుచేసేవాడికి తాళం మీద నమ్మకం లేదంటే నవ్వొస్తుంది. నవ్వితే నవ్వండి గానీ, బతుకంతా ఊరివాళ్ల తాళాలు విప్పిన మనిషికి ఏ తాళం ఎంతసేపు ఆగుతుందో తెలియదా? "తాళం మర్యాదస్తుల కోసమే. దొంగకి అదో లెక్కా?" అనేవాడు తాళాలాయన.

అయినా కత్తుల పిచ్చి ఆయనకి మొదటినుంచీ లేదు. ఒక మిట్టమధ్యాహ్నం మొగుడూ పెళ్లాం అన్నం తింటుండగా, ఆయన చేత్తో బిగించిన తాళాన్నే చప్పుడు లేకుండా తీసి ఒకడు లోపలికొచ్చాడు. ఆవిడ మెడ మీద కత్తి ఆనించి గొలుసు తెంపుకుపోయాడు. ఈయన ఎంగిలి చేత్తో కొయ్యబారి నిలబడిపోయాడు. అంతే జరిగింది. ఆవిడ మెడ మీద గీత పడింది, ఆయనకి నిద్ర పోయింది.

అక్కణ్ణుంచి మొదలు. తలుపు వెనక ఒక కత్తి, దిండు కింద ఒకటి, టీవీ వెనక ఒకటి, ఆఖరికి స్నానాల గదిలో సబ్బుపెట్టె పక్కన కూడా ఒకటి. సంతకెళితే కత్తి, పనిమీద పొరుగూరు వెళితే కత్తి. సెలవు పూట వాటన్నిటినీ పాత పేపరు మీద పరిచి, నూనె రాస్తూ మురిసిపోయేవాడు.

"ఈ పిడి చూడవే, చేతిలో ఎలా కూర్చుందో!"

"ఏం లాభం? ఇన్నిట్లో వంకాయ తరగడానికి ఒక్కటీ పనికిరాదు. ఇది ఇల్లా, కసాయి కొట్టా?"

"నీకేం తెలుసు? ఆ రోజు ఇందులో ఒక్కటి చేతిలో ఉంటేనా..."

"ఉంటే ఏంచేసేవారు? వాడిదీ కత్తే, మీదీ కత్తే. మధ్యలో నా మెడ."

ఆయన తలొంచుకుని నూనె రాసుకునేవాడు. మళ్లీ వారానికి ఇంకో కత్తి వచ్చేది.

కొంప మునిగింది అల్లుడి వల్ల. అత్తమామల్ని ఆటపట్టిద్దామని, పాపం, చెప్పాపెట్టకుండా పెరటి తలుపు తోసుకొచ్చాడు. మామగారి కత్తి అల్లుడి పొట్టకి బెత్తెడు దూరంలో ఆగింది. వెనకే వచ్చిన కూతురు ఆ పూటే పిల్లని చంకనేసుకుని బయల్దేరింది.

"ఆ కత్తులు పోయేదాకా నా పిల్ల ఈ గడప తొక్కదమ్మా" అంది.

అన్న మాట మీదే నిలబడింది. మనవరాలు నడక నేర్చింది, మాటలు నేర్చింది, అన్నీ ఫోన్లోనే. ఇక్కడ ఆవిడ ఏడ్చింది, సాధించింది, చివరికి మొగుడితో మాట్లాడటమే మానేసింది. దాంతో ఆయన దిగొచ్చాడు.

"తీసుకుపోవే. నేను చూడలేను" అని గోడవైపు తిరిగి కూర్చున్నాడు.

ఆవిడ అన్నిటినీ ఏరి, పాత చీరలో మూటకట్టి ఇనప సామాన్ల కొట్లో ఇచ్చేసొచ్చింది. అన్నిటినీ అంటే అన్నిటినీ కాదు. మూట కడుతుంటే నల్లపిడి కత్తొకటి చేతిలోకొచ్చింది. రెండో చెయ్యి దానంతటదే మెడ మీదికి పోయింది. ఇన్నాళ్లూ కత్తులకి శాపనార్థాలు పెట్టిన మనిషే ఆ ఒక్కదాన్నీ గోడ అలమర కింది అరలో, దుప్పటి మడతలో దాచింది. ఒక్కటే కదా, ఎవరికి తెలుస్తుంది అనుకుంది.

ఆయన మాత్రం మాట తప్పలేదు. వట్టి చేతులతో కుర్చీలో కూర్చుని తలుపుకేసి చూస్తూ ఉండిపోయేవాడు. కునుకు లేదు. మనిషి చిక్కి సగమైపోయాడు.

కూతురొచ్చింది. తండ్రే దిండ్లెత్తి చూపించాడు. "చూసుకో తల్లీ, ఎక్కడైనా ఉంటే నన్నడుగు." కూతురు నవ్వేసింది. చిట్టిది తాత పాత తాళాల పెట్టె బోర్లించి, ఏ తాళానికి ఏ చెవో అడుగుతూ ఇల్లంతా ఒకటే గోల. సెలవులన్నీ ఇక్కడే ఉంటామని కూతురు అన్నప్పుడు ఆవిడకి కాళ్లు నేలమీద ఆనలేదు.

మర్నాడు పొద్దున తాతా మనవరాలూ దాగుడుమూతలు మొదలెట్టారు. ఆయన కళ్లు మూసుకున్నాడు. చిట్టిది అలమర కింది అరలో దూరింది. కాసేపటికి ఆట మర్చిపోయి బయటికొచ్చింది.

"తాతా! ఇది చూడు!"

పిల్ల చేతిలో నల్లపిడి కత్తి.

కూతురు ఒక్క ఉదుటున లాక్కుంది. పిల్లకి గీటైనా పడలేదు, అదే పదివేలు. కూతురు తండ్రివైపు చూసింది. ఆయన కత్తిని చూశాడు, తర్వాత భార్యని చూశాడు. ఆవిడ నోరు తెరిచింది.

"నాదేనమ్మా. తియ్యడం మర్చిపోయాను" అన్నాడాయన.

"నువ్వు జన్మలో మారవు నాన్నా. మాదే బుద్ధి తక్కువ."

బట్టలు సర్దడానికి ఎంతసేపు పడుతుంది? ఆవిడ అప్పుడైనా చెప్పుండొచ్చు. అది నాదే, మీ నాన్నని ఏమీ అనకు అని ఒక్క ముక్క. కూతురి దృష్టిలో తనూ చులకనైపోతుందేమోనని భయపడి చెప్పలేదు. ఛీ, అదేం తల్లి, అదేం పెళ్లాం అంటారేమో. ఆవిడా అదే అనుకుంది. అనుకుంటూనే గుమ్మంలో నిలబడి, చిట్టిదాని ఏడుపు వీధి మలుపు తిరిగేదాకా విన్నది.

లోపలికొస్తే ఆయన కుర్చీలోనే ఉన్నాడు.

"ఎక్కడ పెట్టావే దాన్ని?"

"దుప్పటి మడతలో."

"మంచి చోటే. చేతికందుతుంది" అన్నాడు. తిట్టలేదు, కనీసం ఎందుకని అడగలేదు. ఇంట్లో ఒక కత్తి ఉందని తెలిసిన మనిషి మెల్లగా తల వాల్చి, కళ్లు మూసుకుని, ఎన్నాళ్లకో గుర్రు పెట్టి నిద్రపోయాడు.

కూతురు బల్ల మీద పడేసిపోయిన కత్తి తీసుకుని ఆవిడ వీధిలో పారేద్దామని తలుపు దాకా వెళ్లింది. తాళం వైపు చూసింది. వెనక్కొచ్చింది.

పిల్ల చేతికి అందకూడదని పై అరలో పెట్టబోయింది. ఇంక అందుకునే పిల్ల రాదు కదా అని గుర్తొచ్చి, కింది అరలోనే పెట్టి అలమర తలుపు వేసింది.