నాన్న వాసన

క్యారెట్లు వేలెడంత ముక్కలుగా తరిగి డబ్బాలో సర్దుతుంటే అత్తగారు వచ్చి చూశారు. "ఇంకాస్త సన్నగా తరగమ్మా. వాడికి సిగరెట్ పట్టుకున్నట్టే ఉండాలిగా," అన్నారు. మా ఆయన సిగరెట్ మానేసి అది తొమ్మిదో రోజు. తొమ్మిది రోజులుగా ఇంట్లో అందరం అడుగుల చప్పుడు కాకుండా తిరుగుతున్నాం. ఆడపడుచు రోజూ పొద్దున్నే ఫోన్ చేసి "అన్నయ్య మొండివాడు వదినా, సాధిస్తాడు. నువ్వు కాస్త కనిపెట్టుకుని ఉండు," అంటుంది. కంచం విసిరికొట్టిన రోజున కూడా అత్తగారు "వాడి బాధ వాడికే తెలుసు, నువ్వే సర్దుకుపో," అన్నారు. మెతుకులు ఏరింది నేనే.

వాళ్ళెవరికీ తెలియనిదేమిటంటే, నేనూ అదే రోజు మానేశాను.

నాలుగేళ్ళు తాగాను. ఆఫీసులో నాది ఫిర్యాదుల కౌంటర్. ఎవరో చెడగొట్టిన పనికి పొద్దస్తమానం నేను తిట్లు తింటాను. పదకొండున్నరకి మేడ మీద నీళ్ళ ట్యాంకు వెనక ఒక సిగరెట్. ఆ ఐదు నిమిషాలూ నన్నెవరూ పిలవరు. రోజంతటిలో నాదంటూ ఉన్నది అంతే. రెండు యాలక్కాయలు నమిలి కిందికి దిగేదాన్ని. ఇంట్లో పట్టుబడతానన్న భయం లేదు. నా బట్టల్లో, జుట్టులో ఎంత వాసనున్నా అది ఆయన మీదికే పోయేది. ఒకరోజు మా పాప నా మెడ చుట్టూ చేతులేసి, "అమ్మా, నీ దగ్గర నాన్న వాసన వస్తోంది," అంది. నవ్వుతూనే అంది. నాకు మాత్రం చివుక్కుమంది. చివరికి నా ఒంటి వాసన కూడా ఆయనదే అయిందా? ఆ సాయంత్రమే డాక్టర్ చేత చివాట్లు తిని వచ్చి, మానేస్తున్నానని ఆయన ఇంటిల్లిపాదికీ చాటాడు. నేను ఎవరికీ చెప్పలేదు.

మూడో రోజు నరకం. కౌంటర్ దగ్గర ఒకాయన అరుస్తుంటే బాత్రూమ్‌లోకి వెళ్ళి కుళాయి తిప్పి ఏడ్చాను. ఇంటికొచ్చి ఆయనకి నిమ్మకాయ నీళ్ళు కలిపాను. పదకొండున్నరకి మేడెక్కడం మాత్రం మానలేదు. ఖాళీ చేతులతో నిలబడి వంద లెక్కపెట్టేదాన్ని. వంద అయ్యేసరికి కోరిక కాస్త తగ్గేది. "భేష్" అని నాకు నేనే చెప్పుకునేదాన్ని. ఇంకెవరు చెప్తారు?

తొమ్మిదో రోజు సాయంత్రం ఆయన గడపలో ఉండగానే నా ముక్కు పసిగట్టేసింది.

"తాగారా?"

"ఒక్కటే. అదీ నీ వల్లే. వారం నుంచి మొహం మాడ్చుకుని తిరుగుతున్నావు. మనిషికి ఇంట్లో ఊరట ఉండొద్దూ?"

"నవ్వుతూ ఉండమ్మా అని చెప్తూనే ఉన్నాను," అన్నారు అత్తగారు.

ఆయన జేబులోంచి సిగరెట్ పెట్టె తీసి బల్ల మీద పడేశాడు. "అయినా మానడమంటే ఏంటో నీకేం తెలుసు?"

"తెలుసు. నేనూ మీతోపాటే మానేశాను. నాకూ ఇది తొమ్మిదో రోజు."

అత్తగారు కుర్చీలో కూలబడి, "ఛీ ఛీ, ఆడపిల్లని కన్నదానివి!" అన్నారు. ఆయన పొగ వాసన కొట్టే నోటితోనే "సిగ్గు లేదూ?" అన్నాడు. ఎన్నాళ్ళ నుంచి, ఎక్కడ, ఎవరితో, అన్నీ అడిగారు. ఎలా తట్టుకుంటున్నావని ఒక్కరూ అడగలేదు. ఆయన తాగొచ్చిన సంగతి అప్పుడే అందరూ మర్చిపోయారు, ఆయనతో సహా.

అబద్ధమెందుకు, కోపం కన్నా ముందు నాకు సిగరెట్ మీదికే మనసు పోయింది. పెట్టె చేతికందే దూరంలోనే ఉంది. ఒక్కటి వెలిగిస్తే వీళ్ళకి ఎంత హాయి! నేను చెడ్డదాన్నని తేలిపోతుంది, ఇక ఆయన్ని ఎవరూ ఏమీ అనక్కర్లేదు. లోపల్లోపలే లెక్కపెట్టాను. ఎనభై దగ్గర కోరిక తగ్గింది.

పెట్టె తీసి ఆయన చేతిలో పెట్టాను.

"రేపు నాకు పదో రోజండీ. మీకు మళ్ళీ మొదటి రోజు. ఈ తొమ్మిది రోజులూ నావీ నేనే మోశాను, మీవీ నేనే మోశాను. ఇకనుంచి మీవి మీరే మోసుకోండి."