మొదటి బిందె

గల్లీ అంతటికీ నల్లా లైను ఒకటే. విరేచనాలు మాత్రం వరమ్మ మనవరాలు సోనీకే మళ్లీ మళ్లీ వస్తున్నాయి. పిల్ల వడలిపోతోంది. ఓఆర్ఎస్ పొట్లాలిచ్చి ఊరుకోలేక, ఈ ఇంట్లోనే ఎందుకో చూద్దామని బస్తీ దవాఖానా నర్సు పూజిత నీళ్లొచ్చే వేళకు వచ్చి కూర్చుంది.

నల్లా గుర్రుమంది. తలస్నానం చేసిన వరమ్మ, ఎవరినీ తాకనివ్వకుండా మొదటి బిందె పట్టి వంటింట్లో పెట్టింది. తర్వాతి నీళ్లన్నీ బర్రెల తొట్టిలోకి పోయాయి.

"మొదటియే తాగుతరా అవ్వా?"

"మరేంది బిడ్డా! ఎంగిలిగాని నీళ్లు గవ్వే గద."

"పక్కింటోళ్లు?"

"వాళ్లకేం తెలుసు! గా మొదటి నీళ్లతోని బట్టలు పిండుతరు."

పూజిత రెండు గాజు గ్లాసులు అడిగి, ఒకదాంట్లో బిందె నీళ్లు, ఇంకోదాంట్లో తొట్టిలో పడుతున్నవి పట్టింది. కాసేపటికి బిందె నీళ్ల అడుగున నల్లటి మడ్డి దిగింది.

"నల్లా బందున్నప్పుడు మోరీల మురికినీళ్లు పైపుల దూరినట్టున్నయి అవ్వా. ముందు నీళ్లు పోనిచ్చి, తర్వాతవి కాచి తాపియ్యి. పైపు సంగతి నేను నీళ్ల ఆఫీసోళ్లకు చెప్పి చూపిస్త."

వరమ్మ గ్లాసులను మార్చి మార్చి చూసింది. "అంటే ఇన్నొద్దులు మంచినీళ్లు బర్రెలు తాగినయా!"

మర్నాడూ ఆమె తలస్నానం మానలేదు. మొదటి నీళ్లు వాకిట్లో పారుతుంటే, బిందె చంకన పెట్టుకుని, తేటనీళ్ల కోసం బర్రెలతో పాటు ఓపిగ్గా నిలబడింది.