గళ్ళగౌను దిగిన వాలు

మా ఊరు లోన్ పైన్‌కి ఏటా సినిమావాళ్ళు వచ్చేవారు. అన్నీ గుర్రాల మీద దొంగల్ని తరిమే చౌక సినిమాలు. వారంలో ఒకటి తీసి, డబ్బాల్లో పెట్టుకుని వెళ్ళిపోయేవారు. మా ఆయన ఆరిన్ వాళ్ళకు గుర్రాలు ఇచ్చేవాడు. నేను చిక్కుడుగింజలు ఉడకబెట్టి, రొట్టెలు కాల్చి వడ్డించేదాన్ని.

ఆ సినిమాల్లో నాయికకు పెద్ద పనేమీ ఉండదు. వాకిట్లో నిలబడి దారి చూడాలి, దొంగలు ఎత్తుకుపోతే అరవాలి, చివర్లో హీరో పక్కన నవ్వాలి. గుర్రం ఎక్కాల్సి వస్తే ఎవడో మగవాడు సవరం పెట్టుకుని, గౌను తొడుక్కుని ఎక్కేవాడు. నాయిక వేషాలు వేసే వెర్నా టాలివర్ మూడేళ్ళుగా అలా అరుస్తూ, నవ్వుతూ ఉంది.

ఆ ఏడు దర్శకుడు హాస్కెల్ మా ఆడగుర్రం జూనోను అడిగాడు. దొంగలు తరుముతుంటే నాయిక గుర్రం పల్టీ కొట్టాలట. అందుకోసం ముందుకాళ్ళకు తీగ కట్టి, రెండో కొస నేలలో పాతుతారు. పరుగు మీద తీగ బిగిసేసరికి గుర్రం తలకిందులవుతుంది. చాలావాటికి కాళ్ళు విరిగేవి. తర్వాత వాటి బాధ తీర్చడానికి తుపాకీ పేలేది. ఇవ్వనంటే ఇక మా కొట్టం వైపు ఎవరూ చూడరు. ఆ పొద్దున ఆరిన్ జూనో మెడ నిమురుతూ ఉండిపోయాడు.

వెర్నా కాఫీకి వచ్చి అతన్ని చూసింది.

"ఏంటి హెట్టీ అక్కా, మీ ఆయన కూతుర్ని అత్తారింటికి పంపుతున్నట్టున్నాడు?"

చెప్పాను. ఆమె కప్పు అక్కడే పెట్టి నేరుగా హాస్కెల్ దగ్గరికి నడిచింది.

"పడ్డం ఎందుకయ్యా? అదిగో, ఆ రాళ్ళవాలు మీంచి జూనో మీద దిగొస్తా. అంతకంటే బాగుంటుంది."

"దాన్ని మేకలు కూడా దిగవు తల్లీ. నీ పని అరవడం. అది నీకు బాగా వచ్చు."

"అరిచి అరిచి గొంతు పోయింది. ఒక్కసారి తియ్యి. బాగాలేకపోతే తీగ నీ దగ్గరే ఉందిగా."

"మెడ విరిగితే?"

"నాకంటే చవగ్గా అరిచేవాళ్ళు బోలెడుమంది."

హాస్కెల్ నవ్వి ఒప్పుకున్నాడు. ఫిల్ము ఖరీదు కనక ఒక్కసారే తీస్తానన్నాడు.

ఆమె మొంటానాలో పశువుల మందల వెంట పెరిగిన పిల్ల అని మాకు తెలియదు. ఎవరూ అడగలేదు.

వాలు పైఅంచున ఎర్రగళ్ళ గౌను కనిపించింది. వెనక మంచుకొండలు. జూనో వెనకకాళ్ళ మీద దాదాపు కూర్చుని జారింది. రాళ్ళు దొర్లాయి. దుమ్ము లేచి ఇద్దరినీ మింగేసింది. ఆరిన్ నా చెయ్యి నొక్కి పట్టుకున్నాడు. ఆ దుమ్ములోంచి ముందు జూనో చెవులు వచ్చాయి, తర్వాత వెర్నా. వెనక్కి వాలి, కళ్ళెం వదులుగా పట్టుకుని ఉంది. గుర్రాన్ని నడిపించడం లేదు, నమ్మి కూర్చుంది. నేల తగలగానే ఒకే దౌడున మా ముందునుంచి వెళ్ళిపోయింది. హాస్కెల్ కెమెరా ఆపమనడం కూడా మరిచిపోయాడు.

దుమ్ము అణిగాక, "ఆ తీగ తీసెయ్యండి" అన్నాడు.

మరికొన్నాళ్ళకు వెర్నాకు వేషాలు ఆగిపోయాయి. ఆమె మా ఊళ్ళోనే ఉండిపోయింది. ఆ స్వారీ మాత్రం ఆగలేదు. చౌక సినిమాలవాళ్ళు మంచి ముక్కను పారెయ్యరు, ఆ పాత ఫిల్మునే కొత్త సినిమాల్లో అతికించేవారు. ఏ సినిమాలో నాయిక పారిపోవాలన్నా ఆ వాలే దిగేది. దానికి సరిపోవాలని ప్రతి కొత్త పిల్లకూ ఆ గళ్ళగౌనే తొడిగేవారు.

ఆరిన్ పోయాకే నేను అక్షరాలు నేర్చుకున్నాను. తెర మీద నాయిక పేరు మొదటిసారి కూడబలుక్కుని చదివితే, అది ఇంకెవరిదో. పక్కన కూర్చున్న వెర్నాతో అన్నాను.

"నీ పేరు లేదే."

"లేకపోతే ఏం? అటు చూడక్కా, ఇప్పుడొస్తుంది మన జూనో."

జూనో ఆ వేళప్పుడు మా కొట్టంలో ముసలి పళ్ళతో గడ్డి నములుతూ ఉంటుంది. తెర మీద దుమ్ములోంచి దాని చెవులు వచ్చాయి. హాలంతా ఊపిరి బిగబట్టింది. ఎన్నోసారో తెలియదు, నేనూ బిగబట్టాను.