మా మోటారు సీను

తమ్ముడు సినిమాకు కథ రాశాడనీ, అందులో పల్లెటూరి కుటుంబం మాదేననీ, కుంటి అక్క పాత్ర నాదేననీ కనబడ్డ ప్రతివాళ్ళకూ చెప్పాను. మా నర్సరీకి టమాటా నారు కోసం వచ్చినవాళ్ళకు నారుతో పాటు ఆ కబురూ అంటగట్టాను. మొదటి ఆటకు అత్తగారినీ, తోడికోడలినీ, ఆడపడుచునూ వెంటేసుకుని వెళ్ళాను. మా ఆయనకైతే కాలు నేల మీద నిలవలేదు. ఆయన హడావుడంతా మోటారు సీను కోసం.

ఆ సంగతేమిటంటే, పెళ్ళికి ముందు ఆయన మా పొలంలో మోటారు బాగుచేయడానికి వచ్చాడు. బాగుచేశాడు. మర్నాడు మళ్ళీ వచ్చి, నిక్షేపంగా నడుస్తున్న దాన్ని విప్పదీశాడు. ఆ తర్వాతా అదే తంతు. "ఇంకోసారి దాని మీద చెయ్యేస్తే నీ వీపు విమానం మోత మోగుద్ది" అని నేనే కర్ర ఎత్తాను. ఆ కర్ర చూసే మనసు పారేసుకున్నానంటాడు మహానుభావుడు. ఫోన్లో ఇదంతా చెబితే తమ్ముడు పడీపడీ నవ్వి, "అక్కా, ఇది సినిమాలో ఉండి తీరుద్ది" అన్నాడు.

ఉంది. మోటారు ఉంది, విప్పడం ఉంది, కర్ర ఎత్తడమూ ఉంది. కర్ర ఎత్తింది మాత్రం నేను కాదు. మా ఇంట్లో లేని చెల్లెలు ఒకతె గెంతుకుంటూ వచ్చి ఎత్తింది. కుంటి అక్క వసారాలో కూర్చుని వాళ్ళిద్దరినీ చూస్తూ కళ్ళు తుడుచుకుంది. హాలంతా ఈలలు. మా ఆయన మొదట అందరితో పాటు చప్పట్లు కొట్టాడు. తర్వాత చేతులు ఒళ్ళో పెట్టుకున్నాడు. ఆఖర్న చెల్లెలి పెళ్ళి కళ్ళారా చూసి, అక్క నవ్వుతూ ప్రాణం వదిలింది. మా అత్తగారు చీకట్లో నా చెయ్యి తడుముకుని పట్టుకుంది, ఉన్నానో లేదో చూద్దామన్నట్టు. నాకు తల కొట్టేసినట్టయింది.

దీపాలు వెలగగానే తమ్ముడు వచ్చాడు. నా మొహం చూడలేదు.

"ఆ సీను నీకే పెడదామన్నానక్కా. కాలు బాగాలేని పిల్ల వెంటపడి మరీ చేసుకున్నాడంటే జనం నమ్మరన్నారు."

"మరి నువ్వేమన్నావురా?"

"సరేనన్నాను."

ఇంతలో డైరెక్టరు తెర ముందు మైకు పట్టుకున్నాడు. "ఇలాంటివాళ్ళకు సినిమాల్లో ఎవరూ చోటివ్వరు. మేమిచ్చాం! ఈ కథకు ప్రాణం పోసిన అక్కగారు ఇక్కడే ఉన్నారు, రండమ్మా!" అన్నాడు. నన్ను చంపినవాళ్ళే ప్రాణం మాట ఎత్తారు.

స్టేజీ ఎక్కాను. మాట నాలుక చివరే ఉంది. అదుగో, ఆ నీలం చొక్కా మనిషి మా ఆయన, ఆ కర్ర నాది, అంతే. కానీ కింద తమ్ముడు గోళ్ళు కొరుకుతున్నాడు. వాడి మొదటి సినిమా. నలుగురిలో వాడి పరువు తీయడానికి నాకు నోరు రాలేదు.

"మా తమ్ముడు బాగా రాశాడు. అచ్చం మా ఇంట్లో జరిగినట్టే ఉంది" అన్నాను.

నా పీక మీద కత్తి పెట్టి ఎవరూ అనిపించలేదు. నా నోటితో నేనే అన్నాను. చప్పట్లు మోగుతుంటే మా ఆయన లేచి బయటికి నడిచాడు. సినిమావాళ్ళు ఆయన్ను నా పక్కనుంచి తీసేశారు సరే, నేనూ తీసేశాను కదా అని సిగ్గుతో చచ్చిపోయాను.

బయట మెట్ల దగ్గర ఆయన నా కోసమే నిలబడి ఉన్నాడు. నేను ఆయన్ను చేరేలోపే ఒక పెద్దావిడ నా బుగ్గలు నిమిరి, "పాపం తల్లీ, నీకూ ఒక తోడుంటే ఎంత బాగుండేది!" అంది. ఆయన వైపు తిరిగి, "మీరేమవుతారు బాబూ?" అని అడిగింది.

ఆయన నా వైపు చూశాడు.

"మా ఆయనండీ. ఆ మోటారు విప్పింది ఈయనే, కర్ర ఎత్తింది నేనే" అన్నాను.

ఆవిడ నా కాలు వంక చూసింది, ఆయన వంక చూసింది. "ఊరుకో తల్లీ! అచ్చం సినిమాలో లాగే జరిగిందని ఇప్పుడేగా నువ్వే మైకులో చెప్పావు?" అని నవ్వుకుంటూ మెట్లు దిగిపోయింది.

ఆయన నన్ను పల్లెత్తు మాట అనలేదు. అన్నా బాగుండేది.