రింగు లోపలి బుడగలు

పొడిని రింగులుగా నొక్కే ప్రెస్సు నడిపే పెద్దాయనను అన్నయ్య పనిలోంచి తీసేశాడని వినగానే ఆమె ఒళ్లు భగ్గుమంది. చేతిలోని నల్లటి ఫెర్రైట్ అయస్కాంతపు రింగుతోనే పరీక్షగదిలోంచి అతని గదిలోకి దూసుకెళ్లింది.

ఆ ఫ్యాక్టరీ వాళ్ల నాన్న పెట్టింది. వ్యాపారం అన్నయ్యది, పరీక్షలు ఆమెవి. ట్రాన్స్‌ఫార్మర్లలో పెట్టిన రింగులు చెయ్యి పెడితే చుర్రుమంటున్నాయని, కొన్నవాళ్లు సరుకంతా వెనక్కి పంపారు.

"పెద్దాయన ఏం చేశాడు?"

"పొడి సరిగ్గా నొక్కలేదు. ఎవరో ఒకరు జవాబు చెప్పాలి కదా!"

"అయితే నువ్వు చెప్పు. రింగులు కాల్చే ఫర్నేస్‌లో వేడి తొందరగా పెంచమన్నదెవరు?"

అన్నయ్య ఫోన్‌లోకి తల దూర్చాడు. ఆమె ఆ ఫోన్ లాక్కుని, అతన్ని మైక్రోస్కోపు ముందుకు నడిపించింది.

"ఇది పాత రింగు. రేణువులన్నీ ఇంచుమించు ఒకే సైజు. ఇప్పుడు నీ రింగు చూడు. గబగబా కాల్చేసరికి కొన్ని రేణువులు పక్కవాటిని మింగి బలిశాయి. బయటికి పోవాల్సిన గాలిబుడగలు వాటి కడుపులో ఇరుక్కున్నాయి. కరెంటుతోపాటు రింగులో అయస్కాంతం దిశ మారినప్పుడల్లా ఆ బుడగలు అడ్డుపడతాయి. అందుకే ఆ వేడి. ఇందులో ప్రెస్సు తప్పేముంది?"

"ఇదంతా ఎవరికి అర్థమవుతుందే? నోరు మూసుకో. బయటికి తెలిస్తే పరువు పోతుంది."

"నీ పరువు కోసం ఆయన ఇంట్లో పొయ్యి ఆర్పుతావా?"

తిన్నగా పెద్దాయన ఇంటికి వెళ్లింది. పనికి రమ్మంటే ఆయన గుమ్మం దిగలేదు.

"మీ అన్నయ్య నన్ను అందరి ముందూ కడిగేశాడమ్మా. నువ్వు చాటుగా వచ్చి రమ్మంటే ఎలా వస్తాను?"

ఆయన అన్నది నిజమే. తిరిగొచ్చి అన్నయ్య ఎదుట నిలబడింది.

"రేపు షిఫ్టు మొదలయ్యేముందు తప్పు నీదేనని అందరికీ చెప్పు. లేకపోతే ఇకమీద ఏ సరుకు పరీక్ష కాగితం మీదా నా సంతకం ఉండదు. ఎవరు కొంటారో చూస్తాను."

"సొంత అన్నని ఇలా నిలదీస్తావా?"

"సొంతవాడివి కాబట్టే ఇంకా మాట్లాడుతున్నాను."

మర్నాడు అన్నయ్య చెప్పాడు. చేదుమందు మింగినట్టు, ఎవరి మొహమూ చూడకుండా. కబురందుకుని వచ్చిన పెద్దాయన వెనక వరుసలో నిలబడి విన్నాడు. నేరుగా ప్రెస్సు దగ్గరికి వెళ్లిపోయాడు.

ఆమె కోపం మాత్రం చల్లారలేదు. వేడి మెల్లగా పెరిగేలా ఫర్నేస్‌ను సరిచేస్తుంటే అన్నయ్య వచ్చాడు.

"మరీ ఇంత నెమ్మదిగానా?"

"ఇంతే," అంది, అతని వైపు తిరగకుండానే.